రోగి మాట అనే గడి

పట్టీ వేసిన తరువాత 9వ రోజు

ఈ పుస్తకం నా సొంతం. కేంద్రం వారి పత్రాల్లో రోగి భయం రాయడానికి చోటుంది గాని నమోదుదారు భయం రాయడానికి లేదు. అందుకే దీన్ని విడిగా మొదలుపెడుతున్నాను.

నా పేరు ఎర్రోళ్ల సుగుణ. వయసు నలభై ఎనిమిది. మూడో గుట్ట వెన్ను చికిత్స కేంద్రంలో నమోదుదారుగా నాలుగేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. అంతకుముందు పదకొండేళ్ళు ఇదే వార్డులో ఆయాగా నేల తుడిచాను. ఆరేళ్ళు రాత్రి బడిలో చదివి పట్టభద్రురాలినయ్యాను. నమోదుదారుల పరీక్షలో జిల్లాకు రెండో స్థానం నాది. యంత్రం నా అక్షరాన్ని నమ్మి మనిషి వెన్నులోకి కరెంటు పంపుతుంది గనుక, ఆ అక్షరం ఎవరిదో చెప్పుకోవలసి ఉంది.

నాలుగో మంచం మీద ఉన్నతని పేరు ఓదెలు. వయసు ముప్పై నాలుగు. బొగ్గు తవ్వడం ఆగాక గనుల మట్టిగుట్టల మీద పెంచిన తాటివనాల్లో కల్లు గీసేవాడు. చెట్టుకూ నడుముకూ కలిపి కట్టుకునే మోకు జారి పడిపోయాడు. రొమ్ము ఎత్తులో వెన్నుపాము తెగింది. ఆ కింది శరీరం అతనికి తెలియదు. తొమ్మిది రోజుల క్రితం డాక్టర్ నస్రీన్ గారు తెగిన చోట ఉల్లిపొర వంటి పట్టీ వేశారు. దాని మీద ఉన్నవి అతని ముక్కులోంచి తీసి పెంచిన కణాలే. అవి తెగిన నరాలను కలుపుకుంటూ పోతాయి. సన్నని కరెంటు వాటికి దారి చూపుతుంది.

“ముక్కుతోటి కాళ్ళు నడుస్తయా అక్కా?” అని మొదటి రోజే అడిగాడు. “మరి జలుబు జేస్తె కాళ్ళు గూడ కారుతయా?”

వార్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. “నమోదుదారు గారు అని పిలవండి” అన్నాను.

“సరే, నమోదుదారక్కా.”

కరెంటు ఎంత ఉండాలో ప్రతి ఉదయం యంత్రమే నిర్ణయిస్తుంది. కండరం కదిలితే దానికి కనిపిస్తుంది. లోపల ఏమి తెలుస్తున్నదో కనిపించదు. అది రోగి నోటితో చెప్పాలి, నమోదుదారు రాయాలి. వైద్యులు అడిగితే రోగులు వారికి నచ్చే జవాబు చెబుతారని, ఆ ప్రశ్న అడిగే హక్కును చట్టం మాకే ఇచ్చింది. పత్రంలో రెండు గడులు ఉంటాయి. మొదటిది ‘రోగి మాట’, రెండోది ‘ప్రమాణ పదం’. నేను రెండింటిలోనూ ప్రమాణ పదమే రాస్తాను. పత్రం శుభ్రంగా ఉంటుంది. కొత్తగా చేరినవారికి నా పత్రాలనే మాదిరిగా చూపిస్తారు.

ఈ ఉదయం ఓదెలు, “కాళ్ళల్ల చీమలు పారుతున్నయక్కా” అన్నాడు. ‘తిమ్మిరి, స్వల్పం’ అని రాశాను. యంత్రం కరెంటును ఒక మెట్టు పెంచింది.

మధ్యాహ్నం అతను తన భార్య స్వరూపతో మాట్లాడుతుండగా కుడికాలు ఒక్కసారిగా పైకి లేచి, జొన్న గటక గిన్నెను తన్నింది. గిన్నె గోడకు తగిలి పడింది. నేను ఉలిక్కిపడ్డాను. అతను ఆ వైపు చూడలేదు. మాట మధ్యలో ఆపలేదు. కాలు తనది కానట్టే ఉన్నాడు. స్వరూప వంగి గటక తుడిచింది. నా చేతులను జేబుల్లో పెట్టుకున్నాను.

11వ రోజు

మబ్బు వీడక నాలుగు రోజులు. సూర్యఫలకాలు పనిచేయడం లేదు. వేడినీళ్ళు లేవు. పాత గని గుంతలో నిండిన గనిచెరువు నీళ్ళే తొట్టెల్లోకి వస్తున్నాయి.

“ఎట్లున్నయి కాళ్ళు?” అని స్వరూప అడుగుతుంటే, ఆ ప్రశ్న అడగవలసింది నేనని గుర్తుచేశాను.

“ఇద్దరడిగినా గదే జెప్త” అన్నాడు ఓదెలు. “మొన్న నల్లచీమలు, ఇయ్యాల ఎర్రచీమలు. సుర్రుసుర్రుమని కుడుతున్నయ్.”

“ఏ చీమలైనా పుస్తకంలో ఒకే పదం” అన్నాను.

“అట్లనా? నీ పుస్తకంల తేలుకు, చీమకు ఒకటే పేరా అక్కా?”

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది. ‘తిమ్మిరి, మధ్యమం’ అని రెండు గడుల్లోనూ రాశాను. కరెంటు రెండు మెట్లు పెరిగింది.

సాయంత్రానికి రెండు కాళ్ళూ ఈడ్చుకుపోవడం మొదలైంది. నూలుగుడ్డలతో మంచానికి కట్టారు. కట్టినా మడమలు ఇనుప కమ్మీకి కొట్టుకుంటున్నాయి. నమోదు గది వార్డుకు ముప్పై అడుగుల దూరంలో ఉంది. తలుపు వేసుకున్నా ఆ చప్పుడు వినిపించింది. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

13వ రోజు

ఈ రోజు అతను చనిపోతాడనుకున్నాను.

ఉదయం నమోదులో, “మంటల కాళ్ళు వెట్టినట్టున్నది” అన్నాడు. పరిహాసం లేదు. మొన్న నన్ను నవ్వులపాలు చేసిన మనిషి ఇవాళ నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ‘తిమ్మిరి, అధికం’ అని రాశాను. యంత్రం మరి రెండు మెట్లు పెంచింది.

పది గంటలకు తలపోటు అన్నాడు. ముఖం ఎర్రబడింది. రొమ్ము పైన చెమట ధారలు కట్టింది. రొమ్ము కింద చర్మం చల్లగా, పాలిపోయి ఉంది. ఒకే శరీరంలో ఇద్దరు మనుషులు ఉన్నట్టుంది. రక్తపు పోటు రెండు వందల పది దాటింది. డాక్టర్ నస్రీన్ గారు పరుగున వచ్చి మంచం తలవైపు పైకెత్తించారు. మూత్రపు గొట్టం చూశారు, వీపు మీద పుండ్లున్నాయేమో వెతికారు.

“గొట్టం బాగానే ఉంది. పుండు లేదు. మరి కింద ఏది అరుస్తోంది?” అన్నారు, ఎవరితోనూ కాకుండా.

తరువాత స్వరూపకు ఆమె వివరించగా విన్నాను. వెన్ను తెగినవారికి కింది శరీరంలో బాధ కలిగితే ఆ కబురు పూర్తిగా తలకు చేరదట. చేరక, రక్తనాళాలను బిగిస్తుందట. పోటు అలాగే పెరిగితే మెదడులో నాళం పగలవచ్చునట.

“అంటే ఏమైతది మేడం?”

“ఏం కాదు. మేమున్నాం గదా” అన్నారు డాక్టర్ గారు. ఆయాగా ఉన్న రోజుల నుంచి ఆమె ఆ మాట అనడం వింటున్నాను. ఎప్పుడు అంటారో నాకు తెలుసు.

మందుతో పోటు దిగింది. నేను కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాను.

15వ రోజు

నిన్న రెండుసార్లు, ఈ ఉదయం ఒకసారి తలపోటు లేచింది. యంత్రం సిఫారసు వచ్చింది. వేరు కోత.

వెన్నుపాములోకి కబుర్లు మోసుకువచ్చే నరాల వేళ్ళను తెంపడమే ఆ కోత. తెంపితే ఈడ్పులు ఆగుతాయి, పోటు పెరగదు. అయితే ఆ దారిన స్పర్శ ఇక ఎన్నటికీ రాదు. తెంపిన వేరును అతికించే విద్య ఇంకా ఎవరికీ తెలియదు. అందుచేత స్పర్శ పూర్తిగా చచ్చినవారికే ఈ కోత చేస్తారు.

డాక్టర్ గారు నా నమోదులు తిరగేశారు. “తిమ్మిరి, తిమ్మిరి, తిమ్మిరి. కరెంటు ఎంత పెంచినా తిమ్మిరే. ఏడో రోజు సూది పరీక్షలోనూ ఏమీ లేదు. ముప్పయ్యో రోజు పరీక్ష దాకా ఆగుదామంటే మనిషి దక్కడు.” తల పట్టుకున్నారు. “మీ నమోదు ఇంత నిలకడగా లేకపోతే ఇంకో వారం చూసేదాన్ని, సుగుణ గారూ.”

అది ప్రశంస అనుకున్నాను. దాచకుండా రాస్తున్నాను, సంతోషించాను.

అంగీకార పత్రం చదివి వినిపించడం నా విధి. “కింది అవయవాలలో స్పర్శ లేదని నాకు తెలుసును” అనే వాక్యం దగ్గర ఓదెలు ఆపాడు.

“స్పర్శ అంటే ఏందక్కా?”

“పత్రంలో వాడే మాట.”

“కోస్తె చీమలు వోతయా?”

“తిమ్మిరి పోతుంది.”

“అయితె కొయ్యున్రి. తలకాయ పగిలి సచ్చుడుకన్న నయం గాదా?” స్వరూప వైపు చూశాడు. ఆమె తల ఊపలేదు, అడ్డు చెప్పలేదు. అతని బొటనవేలికి నేనే సిరా రాశాను. కోత ఎల్లుండి ఉదయం పదకొండు గంటలకు.

16వ రోజు

కాళ్ళు కడగడం నమోదుదారు పని కాదు. ఈ రోజు ఆయా రాలేదు. కోతకు ముందురోజు ఒళ్ళు శుభ్రం చేయాలి గనుక నేనే పూనుకున్నాను. పాత పనిని చేతులు మరచిపోలేదు.

నడుము దగ్గర దుప్పటి తెర కట్టి ఉంది. అతనికి నేను కనిపించను. స్వరూప అతని తలవైపు కూర్చుంది. గుట్ట మీద ఏ చెట్టు కల్లు మధ్యాహ్నం దాకా పులవదో అతను ఆమెకు చెబుతున్నాడు. తన తరువాత ఎవరు గీస్తున్నారో, వాడికి కత్తి పట్టడం వచ్చో రాదో అని విసుక్కుంటున్నాడు. నేను తొట్టెలోంచి చెంబుతో నీళ్ళు తీసి ఎడమపాదం మీద పోశాను.

“వానికి కత్తివట్టుడే రాదు, ఇగ గెల ఎట్ల గీస్తడు... గీ నీళ్ళు గింత సల్లగున్నయేంది అక్కా, ఐసుల వెట్టినవా? మొన్నటికి మొన్న వాడు...”

చెంబు నా చేతిలోనే ఉంది.

“నీకెట్ల తెల్సింది?” అంది స్వరూప.

“ఏంది?”

“నీళ్ళు సల్లగున్నయని.”

దుప్పటి వెనుక నుంచి అతని ఊపిరి వినిపిస్తోంది. మళ్ళీ నీళ్ళు పోయడానికి ధైర్యం చాలలేదు.

“నేను రోజు చెప్తనే ఉన్న గదా, చీమలని” అన్నాడు చివరకు. “అక్కకు ఎరికే.”

నమోదు గదికి వెళ్ళి యంత్రపు పదాల పట్టిక తెరిచాను. పరీక్ష కోసం కంఠస్థం చేసిన పట్టిక అది.

‘తిమ్మిరి: స్పర్శ తెలియకపోవుట. కరెంటు పెంచవలెను.’

దాని తరువాతి పుటలో ‘రోగి మాట’ గడికి సంబంధించిన జాబితా ఉంది. అది పరీక్షకు రాదని రాత్రి బడిలో వదిలేశాం. నేను ఎన్నడూ చదవలేదు.

‘చీమలు పారుట, చీమలు కుట్టుట, జుమ్మనుట: స్పర్శ తిరిగి వచ్చు సూచన. కరెంటు తగ్గించవలెను.’

యంత్రానికి చీమలు తెలుసు. పట్టిక రాసినవారెవరో ఊళ్ళు తిరిగి, మనుషుల నోటి మాటలు ఏరి, దానికి నేర్పారు. ఓదెలు అన్నది అన్నట్టు మొదటి గడిలో రాసి ఉంటే తొమ్మిదో రోజునే కరెంటు తగ్గేది. మా అమ్మ కాలు మడుచుకు కూర్చుని లేస్తూ ‘తిమ్మిరెక్కింది’ అనేది. ఆ మాటలో మొద్దుబారడమూ ఉంది, జుమ్మనడమూ ఉంది. యంత్రానికి ఒక అర్థమే ఇచ్చారు. చీమలంటే ఏమిటో నాకు తెలియకపోలేదు. నేనూ ఈ గుట్టల కింద పుట్టినదాన్నే. ‘చీమలు’ అని నా చేతితో రాస్తే నేను మళ్ళీ ఆయానైపోతానని ఏదో మూల అనుకున్నాను.

నమోదులో తప్పు జరిగిందని చెప్పడానికి ఒక పత్రం ఉంది. దాని మీద సంతకం చేసిన క్షణం నుంచి నా నమోదులన్నీ అనుమానితాలు, నా ఉద్యోగం లేదు. దాన్ని తీసి బల్ల మీద పెట్టుకున్నాను. అప్పుడు మూడు గంటలు. ఐదు గంటలకు గది మూసే వేళ దాకా అలాగే కూర్చున్నాను. సంతకం చేయలేదు. కోత రేపు పదకొండుకు గదా, ఉదయం చేద్దామనుకున్నాను.

17వ రోజు

తొమ్మిదింటికి వచ్చేసరికి నాలుగో మంచం ఖాళీగా ఉంది.

స్వరూప దిండును పొట్టకు హత్తుకుని నిలబడి ఉంది. “పొద్దుగాల మళ్ళ తలపోటు లేసింది. ఆగేటట్టు లేదని ముందుగాల్నే తీస్కపోయిన్రు” అంది. “నీళ్ళ సంగతి నువ్వు మేడంకు చెప్పినవ్ గదా? నేను చెప్తె, నమోదుదారు చెప్పాలె అన్నరు. చెప్పినవ్ గదా అక్కా?”

వార్డులో పరుగెత్తరాదని కొత్తవారికి చెప్పేది నేనే. పరుగెత్తాను. మెట్ల దగ్గర చెప్పు తెగింది. కోత గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఆ దీపం వెలిగినప్పుడు తలుపు తోయకూడదు. తోశాను.

ఓదెలు పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు మీద సిరాతో గీత గీసి ఉంది. మత్తు ఇచ్చే ఆయన మూతిగిన్నెను అతని ముఖం దగ్గరకు తెస్తున్నారు.

“సుగుణ గారూ! ఎట్ల వచ్చారు లోపలికి? బయటికి పోండి!” అన్నారు డాక్టర్ గారు.

దారిలో వాక్యం కూర్చుకున్నాను. ‘నా నమోదులో దోషం దొర్లినదని విన్నవించుకుంటున్నాను.’ అది నోట్లోంచి రాలేదు.

“చీమలన్నడు మేడం” అన్నాను. “తొమ్మిదో దినం కెల్లి చీమలనే అంటున్నడు. నేనే తిమ్మిరని రాసిన. కొయ్యకున్రి. కొయ్యకున్రి మేడం.”

పోటు చూపే తెర కూస్తోంది. డాక్టర్ గారు మంచం చివరకు నడిచారు.

“ఓదెలూ, కళ్ళు మూసుకో. నేను ఏం చేస్తున్నానో చెప్పు.”

“బొటనేలు వట్టుకున్నరు.”

“ఏ కాలు?”

“ఎడమది. గట్టిగ వట్టకున్రి మేడం, మంట వుడుతున్నది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడేం లేదు. ఇడిశిపెట్టిన్రా?”

ఆమె చెయ్యి తీసి అప్పటికి రెండు క్షణాలైంది. “కరెంటు ఆపండి, పూర్తిగా” అన్నారు. ఎవరో మీట నొక్కారు. ఆమె చేతి తొడుగులు విప్పుతూ, నా ముఖం చూడకుండా అడిగారు.

“ఎప్పుడు తెలిసింది మీకు?”

“నిన్న.”

“నిన్న ఎప్పుడు?”

“మూడు గంటలకు.”

పావుగంటలో తెర కూయడం ఆగింది.

18వ రోజు

సంతకం చేశాను. నమోదు గది తాళం ఇచ్చేశాను.

వెళ్ళే ముందు నాలుగో మంచం దగ్గర ఆగాను. కాళ్ళకు కట్లు లేవు. ఓదెలు నిద్రపోతున్నాడు. అతని పాదం మీద స్వరూప ఒక వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెడుతోంది.

“క్షమించండి” అన్నాను.

“మా మాట రాయనీకి నీకు సిగ్గయిందా?” అని అడిగింది. గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. “నువ్వు గూడ మా దిక్కుదానివే గదా.”

ఓదెలు కళ్ళు తెరవకుండానే, “ఊకోయే, అక్క ఉరికొచ్చింది గదా” అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా భయపెట్టింది. నేను మూడు గంటల నుంచి ఐదు గంటల దాకా కూర్చున్న సంగతి అతనికి తెలియదు. చెప్పాను. అప్పుడు అతను కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తరువాత ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

బయట వసారాలో డాక్టర్ గారు నా కోసం నిలబడి ఉన్నారు.

“నాలుగేళ్ళలో ఇంకెంతమందికి తిమ్మిరి అని రాశారు?”

ఆ ప్రశ్న నిన్నటి నుంచి నా వెంటే ఉంది. నేను దాని ముఖం చూడలేదు. ఇద్దరమూ కూర్చుని పాత పత్రాలు తిరగేశాం. ముప్పై ఎనిమిది మందిని నమోదు చేశాను. పందొమ్మిది మంది పత్రాల్లో ఆ పదం ఉంది. వారిలో ఆరుగురికి వేరు కోత జరిగింది.

“ఆరుగురూ నిజంగా మొద్దుబారినవాళ్ళే కావచ్చు” అన్నారు డాక్టర్ గారు. “ఆ కోతలు చేసింది నేనే. నాకూ తెలియాలి. వాళ్ళు అప్పుడు ఏమన్నారో మీకు గుర్తుందా?”

గుర్తు లేదు. గుర్తుంచుకోవడానికే గదా ఆ గడి.

26వ రోజు

ఉద్యోగం లేకపోయినా రోజులను ఓదెలు పట్టీ లెక్కనే లెక్కిస్తున్నాను. అతని కరెంటు ఇప్పుడు పావువంతుకు దిగిందని, కుడికాలిలో కూడా వెచ్చన తెలుస్తున్నదని డాక్టర్ గారు కబురు పంపారు. ఆరుగురి చిరునామాలు, పత్రాల నకళ్ళు కూడా ఆమే పంపారు.

మొదటి పేరు సాయవ్వ. మూడేళ్ళ క్రితం మెడ దిగువ వెన్నులో పుట్టిన గడ్డ తీసి పట్టీ వేశారు. ఇరవై రెండో రోజున వేరు కోత. గనిచెరువు ఒడ్డున పాత కార్మికుల ఇళ్ళ వరుసలో, చివరి ఇంట్లో ఉంటోంది. అక్కడి దాకా నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగాను.

తలుపు తీసే ఉంది. చక్రాల కుర్చీలో కూర్చుని ఒడిలో చేటతో బీడీలు చుడుతోంది. నన్ను వెంటనే పోల్చుకుంది.

“ఓయమ్మో, రాతల అక్క గాదు? రా బిడ్డా, గా పీట గుంజుకో. నన్ను సూడనీకి దవాఖాన నుంచి ఎవలన్న వస్తరని మూడేండ్ల సంది అనుకుంటున్న. నువ్వే వచ్చినవ్.”

పీట మీద కూర్చున్నాను. ఎదురుగా ఆమె పాదాలు. ఒక వేలికి కాలిన గాయం ఉంది, మానుతున్నది.

“ఇది?”

“పొయ్యి కాడ తాకిందట. కోడలు సూసి మొత్తుకుంటె తెల్సింది. నాకేం తెలుస్తది?” అంటూ దారం తెంపింది.

చెప్పవలసిందంతా చెప్పాను. ఓదెలు సంగతి, చీమల సంగతి, రెండు గడుల సంగతి. ఆమె బీడీ చుట్టడం ఆపకుండా విన్నది. చివరకు నేను అడగవలసింది అడిగాను. కోతకు ముందు రోజుల్లో, కాళ్ళలో ఏముందని నేను అడిగినప్పుడు, మీరు ఏమని చెప్పారు?

సాయవ్వ చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పెదవులు కదిలాయి. ఏదో మాట అంచు దాకా వచ్చి జారిపోయినట్టు కనుబొమలు ముడిచింది.

“ఏమో బిడ్డా. అప్పుడేమన్ననో యాదికొస్తలేదు.” నా ఒడిలో ఉన్న నకలు వైపు చూసింది. “నువ్వు రాసుకున్నవ్ గదా. సూసి చెప్పు, నేనేమన్ననో.”

చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నేను చదువుతానని ఎదురుచూసింది.